తెర మీద కనిపించిన దేశానికి దారి

పోయిన సంచికలో ఈ శీర్షిక కింద, ఏ సినిమా చూసి ఏ దేశానికి వెళ్లాలని మీకు అనిపించిందో రాయమని పాఠకులను అడిగాను. కోనసీమ నుంచి, భీమవరం, తణుకు వైపు నుంచి, కడియం నర్సరీల నుంచి వచ్చిన ఉత్తరాలు చదువుతున్నంతసేపూ నాకు నా చిన్నతనం కళ్ల ముందు మెదిలింది. పాలకొల్లులో నేల టికెట్టు కొని కూర్చుని, తెర మీద మంచుకొండ కనిపించగానే పక్కవాళ్లు పిలిచినా పలికేవాణ్ణి కాను. ఆ కొండ ఏ దేశంలో ఉందో, అక్కడికి ఎలా వెళ్లాలో చెప్పేవారు అప్పట్లో మాకు లేరు. అందుకే ఈసారి ఉత్తరాలకు కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (అమలాపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని): నమస్కారమండీ. పాటల్లో స్విట్జర్లాండును చూస్తూనే నా ఉద్యోగకాలమంతా గడిచిపోయింది. ఇప్పుడు మా అబ్బాయి టికెట్లు తీస్తానంటున్నాడు. ముందు పచ్చిక, వెనక మంచుకొండ, రెండూ ఒకేసారి కనిపించాలంటే ఏ నెలలో వెళ్లాలి? నాకు అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆ ఎత్తులకు వెళ్లగలనా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన పచ్చిక, మంచు పాటలో ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి గాని, నిజానికి అవి రెండు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వెయ్యి, పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉండే లోయలు, కొండవాలులు పచ్చగా ఉంటాయి; మూడు వేల మీటర్లు బాగా దాటిన శిఖరాల మీద ఆ నెలల్లో కూడా మంచు ఉంటుంది. నడి చలికాలంలో వెళితే లోయలు కూడా చాలాచోట్ల తెల్లగానే కనిపిస్తాయి. కాబట్టి మీరు కోరుకున్న దృశ్యం కోసం ఆ నాలుగు నెలల్లోనే వెళ్లాలి, అదీ శిఖరం ఎక్కి కాక, లోయలో నిలబడి తలెత్తి చూడాలి. ఈ సంగతి ముందుగా తెలియక, డబ్బంతా శిఖరం టికెట్టుకే పోసి, పాటలో చూసిన పచ్చికను మాత్రం బస్సు అద్దంలోంచి చూసి తిరిగివచ్చినవారిని నేను చాలామందిని ఎరుగుదును.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ అదే జరిగింది. మమ్మల్ని తీసుకెళ్లిన ప్రయాణ సంస్థ యుంగ్‌ఫ్రౌయోఖ్‌కు కేటాయించినది ఒక్క పూట. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న ఆ రైల్వేస్టేషను ఐరోపాలోకెల్లా ఎత్తయినది. కొండ కడుపును తొలిచిన సొరంగంలోంచి 1912లోనే అక్కడికి రైలు నడిపారు. రైలు దిగి బయటికి వచ్చేసరికి మబ్బు కమ్మేసింది. పుష్యమాసంలో తెల్లవారుజామున సఖినేటిపల్లి రేవులో అవతలి గట్టు కానరానంతగా మంచు పట్టినట్టు, చాచిన చేతికి అవతల ఏమీ కనిపించలేదు. రెండు గంటలు చలిలో నిలబడి దిగివచ్చాం. కింద లాటర్‌బ్రున్నెన్‌లో రైలు మారవలసిన వ్యవధిలో మబ్బు విడిపోయి, దాదాపు 300 మీటర్ల కొండ అంచు నుంచి దూకుతున్న స్టాబాఖ్ జలపాతం కనిపించింది. గాలికి చెదిరి, నేలను చేరేలోపే సగం నీరు తుంపరగా మారిపోతోంది. దాని కింద పచ్చికలో మేస్తున్న ఆవు తల ఎత్తినప్పుడల్లా మెడలోని గంట మోగుతోంది. పాలకొల్లులో నేల మీద కూర్చుని నేను చూసినది ఇదేనని అప్పుడు తెలిసింది. కాని బస్సుకు వేళయింది.

అందుచేత మీకు చెప్పేదేమిటంటే, పది ఊళ్లు చుట్టే ప్రయాణం కాకుండా ఒకే లోయలో కనీసం మూడు రాత్రులు ఉండేలా మీ అబ్బాయిని ఏర్పాటు చేయమనండి. లాటర్‌బ్రున్నెన్ నుంచి పళ్లచక్రాల రైలెక్కితే వెంగెన్ అనే ఊరు వస్తుంది. అది సుమారు 1,270 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడికి కార్లు రావు, ఊరి మధ్య దారిలో బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా యుంగ్‌ఫ్రౌ శిఖరం ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే అనువైన చోటు నేను చూడలేదు. శిఖరం కూడా ఎక్కాలని ఉంటే టికెట్టు ముందే కొనకుండా, ఆ ఉదయం శిఖరం మీది కెమెరా దృశ్యాన్ని ఫోనులో చూసి, ఆకాశం తేటగా ఉంటేనే బయలుదేరండి. ఆ ఎత్తులో గాలి పలుచగా ఉంటుంది కనుక గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. పాటల్లో కథానాయికలు షిఫాన్ చీరతో మంచులో ఆడిపాడడం చూసి మోసపోకండి. జూలైలో కూడా ఆ శిఖరం మీద ఉన్ని కోటు, చేతి తొడుగులు లేకుండా పది నిమిషాలు ఉండలేరు.

మన సినిమాలకూ ఆ దేశానికీ ఇంత బంధుత్వం కుదరడానికి ఒక చారిత్రక కారణం ఉంది. అంతకుముందు మంచు కోసం, లోయల కోసం కశ్మీరుకు వెళ్లే చిత్ర బృందాలు 1990 ప్రాంతంలో అక్కడ పరిస్థితులు చెడిపోవడంతో ఆల్ప్స్ వైపు తిరిగాయి. దర్శకనిర్మాత యశ్ చోప్రా అక్కడ ఎన్నో పాటలు తీశారు; ఆయన సంస్థ నిర్మించిన 1995 నాటి ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’లోని ప్రయాణ దృశ్యాలు సానెన్, గ్‌ష్టాడ్ పరిసరాల్లో తీసినవి. ఇంటర్‌లాకెన్ పట్టణంలో ఆయన కంచు విగ్రహాన్ని 2016లో నిలిపారు. మీరు దిగబోయే లోయకు ఆ పట్టణం మీదుగానే వెళతారు కనుక చూసి రండి.

వీసా విషయానికి వస్తే, స్విట్జర్లాండుతో సహా ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పెద్దవారికి రుసుము 90 యూరోలు, దానికి తోడు కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా ఉండాలి. వేసవి ప్రయాణాలకు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమవుతుంది కాబట్టి జూన్ ప్రయాణానికి సంక్రాంతి దాటగానే కాగితాలు సిద్ధం చేసుకోండి.

ప్రశ్న (కడియపులంక నుంచి ఒక నర్సరీ రైతు): పాత హిందీ సినిమా ఒకదానిలో రంగురంగుల తులిప్ పూల మళ్ల మధ్య పాట ఉంటుంది. మొక్కల మీద బతికేవాణ్ణి కాబట్టి ఆ తోట ఒక్కసారి చూడాలని ఇరవై ఏళ్లుగా కోరిక. మే నెలాఖరుకు మాకు పని కాస్త తగ్గుతుంది, అప్పుడు వెళ్లవచ్చా? నాలుగు దుంపలు తెచ్చుకుని ఇక్కడ వేసి చూడాలని కూడా ఉంది.

జవాబు: మీరు చూసినది 1981లో వచ్చిన ‘సిల్‌సిలా’లోని పాట అయి ఉంటుంది. ఆ పూలమళ్లు నెదర్లాండ్స్‌లో లిస్సె అనే ఊరి దగ్గర ఉన్న క్యూకెన్‌హాఫ్ తోటలోనివి. దయచేసి మే నెలాఖరుకు మాత్రం బయలుదేరకండి. ఆ తోటను ఏడాదికి ఎనిమిది వారాలే, మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం వరకు, తెరిచి ఉంచుతారు. తులిప్‌లు నిండుగా ఉండేది సాధారణంగా ఏప్రిల్ మధ్యలో. మీరు వెళ్లే నాటికి గేటు మూసి ఉంటుంది. సుమారు 32 హెక్టార్ల ఆ తోటలో ప్రతి శరదృతువులోనూ దాదాపు 70 లక్షల దుంపలను చేత్తో నాటుతారు. ముందు పూసేవి, వెనక పూసేవి ఒకదాని మీద ఒకటిగా పొరలుపొరలుగా పాతి, ఎనిమిది వారాలూ మడి ఖాళీ కాకుండా చూస్తారు. పాట చూసినవారికి ఈ నాటు కనిపించదు. మీకు మాత్రం పూలకంటే ముందు అదే కంటపడుతుందని నా నమ్మకం.

దుంపల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. తులిప్ దుంప పూత పెట్టాలంటే కొన్ని వారాల పాటు గట్టి చలిలో ఉండాలి. మన డెల్టా ఉక్కలో ఆ చలిని శీతల గదిలోనే పెట్టాలి, ఒకసారి పూసిన దుంప మళ్లీ ఏటికి నిలవడం కష్టం. పైగా మొక్కలు, దుంపలు సంచిలో వేసుకుని తెచ్చుకోవడానికి వీల్లేదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఆ దేశపు అధికారులిచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, మన ప్రభుత్వ దిగుమతి అనుమతి రెండూ కావాలి. లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. తెగుళ్లు ఎలా వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అక్కడికి వెళ్లి తోట ఒక్కటే చూసి రావడం మాత్రం నాకు నచ్చదు. ఆమ్‌స్టర్‌డాం పక్కనే ఉన్న ఆల్స్‌మీర్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద పూల వేలం కేంద్రం ఉంది. సందర్శకులు పైనుంచి వంతెనలాంటి నడవ మీద నడుస్తూ చూడవచ్చు, కాని తెల్లవారుతూనే అక్కడ ఉండాలి. ఉదయం తొమ్మిది దాటితే సందడి తగ్గిపోతుంది. అక్కడి వేలం మన వేలంలా కింది ధర నుంచి పైకి పోదు, పై ధర నుంచి క్షణక్షణానికి కిందికి దిగుతుంది. ఎవరు ముందు మీట నొక్కితే సరుకు వారిది. తెల్లవారుజామున కడియపులంక పూల మార్కెట్టులో బంతి బుట్టలకు బేరమాడిన మీరు ఆ నడవ మీద నిలబడితే ఎంతసేపు నిలబడిపోతారో నేను ఊహించగలను.

ఇంకొక్క రోజు మిగుల్చుకోండి. ఆ దేశం కూడా మనలాగే నదుల మొగల్లో, రైన్, మాస్ నదుల డెల్టాలో ఉంది. దానిలో పావు వంతుకు పైగా భూమి సముద్రమట్టం కంటే కింద ఉంది. 1953 జనవరి 31 రాత్రి తుపాను గాలికి సముద్రం గట్లు తెంచుకుని లోపలికి వచ్చినప్పుడు అక్కడ 1,836 మంది చనిపోయారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో ఉన్నవారికి ఆ మాటలకు అర్థం ఇంకొకరు చెప్పనక్కరలేదు. తెల్లవారి చూస్తే తలలు తెగిన కొబ్బరి చెట్లు, ఇసుక మేటలు వేసిన చేలు, మనుషుల కోసం వెతుక్కునే మనుషులు. ఆ దేశంవారు 1953 నాటి ఆ రాత్రి తరువాత నలభై ఏళ్లకు పైగా పని చేసి, చాలా నదీముఖాలకు ఆనకట్టలు, అడ్డుతలుపులు కట్టారు. వాటిలో తూర్పు షెల్ట్ అనే పాయ మీద 1986లో వాడుకలోకి వచ్చిన తొమ్మిది కిలోమీటర్ల అడ్డుకట్టను మీరు తప్పక చూడాలి. మొదట దాన్ని పూర్తిగా మూసేద్దామనుకున్నారు. ఉప్పునీరు రాకపోతే ఆల్చిప్పలు, చేపలు పోయి తమ బతుకు పోతుందని బెస్తవారు, పర్యావరణం కోరేవారు పట్టుబట్టడంతో, మామూలు రోజుల్లో తెరిచి ఉండి తుపాను వేళ మాత్రమే దిగే 62 ఉక్కు తలుపులుగా మార్చారు. దాని మధ్యనున్న నేల్ట్యె యాన్స్ అనే కట్టుడు దీవి మీదకు వెళ్లి తలుపుల కింద సముద్రం ఎలా ఉరకలేస్తుందో దగ్గరగా చూడవచ్చు. ధవళేశ్వరం నీటితో మొక్కలు పెంచే మీకు ఆ పూట పాటలో లేని నెదర్లాండ్స్ కనిపిస్తుంది. మీ కోరికను పుట్టించిన పాటకు నేను నమస్కరిస్తున్నాను. అది లేకపోతే మీరు అంతదూరం వెళ్లాలనే అనుకునేవారు కారు కదా.

ప్రశ్న (భీమవరం నుంచి రొయ్యల చెరువులు చేసే ఒక యువకుడు): ‘రోబో’లో కిలిమంజారో పాటలో కొండ మీద రాతి ఊరు ఒకటి కనిపిస్తుంది. అది చూడాలని స్నేహితులం నలుగురం డబ్బు దాచాం. ఆఫ్రికా ప్రయాణాల ఏజెంటు అడవి జంతువుల గురించి చెబుతున్నాడు గాని ఆ ఊరి పేరు చెప్పలేకపోతున్నాడు.

జవాబు: చెప్పలేడు, ఎందుకంటే ఆ ఊరు ఆఫ్రికాలో లేదు. పాటలో ఉన్నది టాంజానియా దేశపు పర్వతం పేరు; పాట తీసినది దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, మాచు పిచ్చు దగ్గర. 15వ శతాబ్దంలో ‘ఇన్‌కా’ వంశపు రాజులు కట్టించిన ఆ ఊరు సుమారు 2,430 మీటర్ల ఎత్తున, ఉరుబాంబా నది మలుపు పైన ఉంటుంది. మీరు డబ్బు కట్టకముందే ఉత్తరం రాసినందుకు సంతోషం. కొండ ఎక్కాలని ఉంటే కిలిమంజారో మంచిదే, 5,895 మీటర్లు, ఆఫ్రికాలో దానికి మించిన ఎత్తు లేదు; కాని అది వారం రోజుల కాలినడక, రాతి ఊరు దానిలో ఎక్కడా లేదు.

పెరూకు వెళ్లేటట్టయితే మే నుంచి సెప్టెంబరు వరకు వానలు తక్కువ. విమానం దిగే కుస్కో నగరం మాచు పిచ్చు కంటే ఎత్తు, దాదాపు 3,400 మీటర్లు. సముద్రమట్టానికి అడుగు ఎత్తున పెరిగిన మనకు మొదటి రెండు రోజులు తలనొప్పి, ఆయాసం రావచ్చు, కాబట్టి ఆ రెండు రోజులూ ఏ కార్యక్రమం పెట్టుకోకండి. ఊరిలోకి రోజుకు ఇంతమందినే, నిర్ణీత దారుల్లోనే, నిర్ణీత గంటకే పంపుతారు. మీకు పాటలో కనిపించిన మొత్తం ఊరి దృశ్యం పై అంచెల మీది దారికే దక్కుతుంది, టికెట్టు కొనేటప్పుడు అది చూసి కొనండి. పెరూ నుంచి వచ్చేవారు పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ధ్రువపత్రం చూపకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే నిబంధన ఉంది. ఆ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి.

మీ వృత్తి తెలిసింది కనుక ఒక మాట. 2009లో మన దేశంలో అనుమతించినప్పటి నుంచి మీ చెరువులను నింపిన వెనామీ రొయ్యకు పుట్టినిల్లు ఆ తీరమే. మెక్సికో నుంచి ఉత్తర పెరూ వరకు పసిఫిక్ సముద్రంలో అది సహజంగా పెరుగుతుంది. ఉత్తరాన తుంబెస్ ప్రాంతంలో మడ అడవులు, రొయ్యల చెరువులు ఉన్నాయి. రాతి ఊరికి రెండు రోజులు పెట్టుకుంటే తుంబెస్‌కు మరో రెండు రోజులు పెట్టుకోండి. కోరంగి మడ అడవుల్లో తిరిగిన కళ్లతో ఆ చెట్లను చూడండి.

ప్రశ్న (రాజోలు నుంచి ఒక గృహిణి): మా ఆయన దుబాయ్‌లో డ్రైవరండీ. సినిమాల్లో చూసి పిల్లలు, నాన్న ఆ ఎత్తయిన మేడల్లోనే ఉంటారనుకుంటున్నారు. ఒక్కసారి వాళ్లను తీసుకెళ్లి చూపించాలని ఉంది. ఎప్పుడు వెళ్లడం మంచిది, ఏం చూపించాలి?

జవాబు: అమ్మా, వేసవి సెలవుల్లో వద్దు. మే నుంచి సెప్టెంబరు వరకు అక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, పిల్లలు గది దాటి రాలేరు. సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి, జనవరిలో అక్కడ సాయంత్రాలు చల్లగా ఉంటాయి. పిల్లలు సినిమాల్లో చూసిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను కింది నుంచి ఉచితంగానే చూడవచ్చు. రాత్రి దాని ముందు ఎగిసే నీటి ఫౌంటెన్లు కూడా చూపించండి.

అయితే అసలు దుబాయ్‌ని వాళ్ల నాన్ననే చూపించమనండి. ఆయన రోజూ బండి నడిపే దారి, భోజనం చేసే హోటలు, సెలవు రోజున స్నేహితులను కలిసే చోటు చూస్తే పిల్లలకు తండ్రి పని అర్థమవుతుంది. తరువాత డేరా నుంచి బర్ దుబాయ్‌కు అబ్రా అనే చెక్క పడవలో ఉప్పుటేరు దాటించండి. చిల్లర నాణెం ఇచ్చి, పక్కపక్కనే బల్ల మీద కూర్చుని, నీటి మీద డీజిలు వాసనతో దాటే ఆ ఐదు నిమిషాలు నరసాపురం రేవులో పంటు దాటిన పిల్లలకు సొంత ఊరిలా ఉంటాయి. చమురు దొరకకముందు ఆ ఊరు ముత్యాల వేట మీద, వ్యాపారం మీద బతికింది. 1966 దాకా అక్కడ చెల్లిన గల్ఫ్ రూపాయిని ముద్రించినది మన రిజర్వు బ్యాంకే. పిల్లలకు ఈ కథ చెప్పండి.

మరొక్క సంగతి మీకే కాదు, ఈ శీర్షిక చదివే కోనసీమ ఆడపడుచులందరికీ చెబుతున్నాను. సందర్శక వీసా చూడడానికే గాని పనికి కాదు. దాని మీద ఇంటిపనికి పంపిస్తామని చెప్పే ఏజెంటు ఎంత తెలిసినవాడైనా నమ్మకండి. అక్కడ దిగాక చట్టం మీ వైపు ఉండదు.

ప్రశ్న (తణుకు నుంచి కళాశాల విద్యార్థులు): మొదటిసారి విదేశానికి వెళ్లాలనుకుంటున్నాం. డబ్బు తక్కువ. ఒక ఇంగ్లీషు సినిమాలో చూసిన థాయిలాండ్ సముద్రతీరానికి వెళ్లాలని ఉంది. అక్కడ ఈత కొట్టవచ్చా?

జవాబు: మీరు చెబుతున్నది 2000లో వచ్చిన ‘ద బీచ్’ తీసిన మాయా బే అయితే, ఈత కొట్టకూడదు. ఆ సినిమా తరువాత రోజుకు వేలమంది పడవల్లో వచ్చి, లంగర్లు వేసి, పగడపు దిబ్బలను పాడుచేయడంతో 2018 జూన్‌లో ఆ తీరాన్ని పూర్తిగా మూసేశారు. 2022 జనవరిలోనే మళ్లీ తెరిచారు. ఇప్పుడు పడవలు వెనక వైపు ఆగాలి, నీళ్లలో మోకాలి లోతు వరకే దిగాలి, ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తీరానికి విశ్రాంతి. ఈ నిబంధనలు చూసి నిరుత్సాహపడకండి. సినిమా చూసి వచ్చినవారి పాదాలు ఒక చోటును ఏం చేయగలవో మన గోదావరి గట్టువారికి తెలుసు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో వందలాది సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో నేలకూలినప్పుడు ఎంతమంది వచ్చి దాని మొద్దును తడిమి వెళ్లారో మీరూ చూసే ఉంటారు.

థాయిలాండుకే వెళ్లేటట్టయితే బ్యాంకాక్ నుంచి రైలులో కాంచనబురి వెళ్లండి, టికెట్టు చాలా తక్కువ. 1957 నాటి ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ కథ జరిగినది అక్కడ. సినిమా తీసినది మాత్రం శ్రీలంకలో, కెలని నది మీద కితుల్‌గల దగ్గర. 1942, 1943 సంవత్సరాల్లో జపాను సైన్యం థాయిలాండు నుంచి బర్మాకు వేయించిన 415 కిలోమీటర్ల ఆ రైలుదారి మీద 12,000 మందికి పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. సినిమా వారి కథ చెప్పింది. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు చనిపోయిన ఆసియా కూలీల్లో ఉన్నారు. వారి కథ ఆ సినిమాలో లేదు. మన పూర్వులు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి తూర్పు దేశాలకు పోయారు; ఆ రేవు పేరుతోనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అన్నారు. ఖైదీల సమాధులకు వరసలు, పేర్లు ఉన్నాయి. కూలీలకు చాలామందికి అవి లేవు. కాంచనబురిలోని ఆ రైలు వంతెన మీద నడిచేటప్పుడు వారిని తలచుకోండి.

ప్రశ్న (పాలకొల్లు నుంచి పదో తరగతి విద్యార్థిని): ‘నాటు నాటు’ పాట తీసిన మేడ ముందు నిలబడి నేను కూడా ఆ అడుగులు వేయాలి. ఎలా వెళ్లాలి?

జవాబు: చిన్నమ్మా, నేను చదువుకున్న ఊరి నుంచి వచ్చిన ఉత్తరమని నీ జవాబు చివరికి దాచుకున్నాను. ఆ మేడ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఉన్న మారిన్‌స్కీ భవనం, ఆ దేశాధ్యక్షుడి అధికార నివాసం. 2021 ఆగస్టులో అక్కడ పాట తీశారు; ఏడు నెలలు తిరగకుండానే, 2022 ఫిబ్రవరిలో, ఆ దేశం మీద యుద్ధం మొదలైంది. పాటకు స్వరం కట్టిన కీరవాణి గారు పుట్టినది మన కొవ్వూరులో, ఆ పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. యుద్ధం నడుస్తుండగా సందర్శకులు అక్కడికి వెళ్లే దారి లేదు, వెళ్లమని నేను చెప్పను.

పటంలో కీవ్‌ను వెతుకు, ద్నీపర్ నది ఒడ్డున ఉంటుంది. ఆ నది నల్లసముద్రం దాకా ఎన్ని ఊళ్లు దాటుతుందో రాసుకో. తరువాత అమ్మానాన్నలను అడిగి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయించు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మామూలుగా ఐదేళ్లకే ఇస్తారు గాని, పదిహేను నిండినవారు కోరుకుంటే పదేళ్లకు కూడా ఇస్తారు. నీకు పదిహేను నిండాయని రాశావు కాబట్టి పదేళ్లదే అడుగు. దాని గడువు తీరేలోగా ఆ మేడ ముందు నువ్వు అడుగులు వేసే రోజు రావాలని నేనూ ఎదురుచూస్తాను.